మోండే అంత్యక్రియలు

శవపేటిక ఇంకా గోతిలోకి దిగలేదు. జనంలోంచి ఎవరో అరిచారు.

"తెంబిలే గాడు! అదుగో, కంచె దగ్గర!"

పాట ఆగిపోయింది. తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. కంచె పక్కన దుప్పటి కప్పుకుని నిలబడ్డ కుర్రాడు పారిపోలేదు. పారిపోయే ఓపిక కూడా వాడిలో ఉన్నట్టు లేదు.

మోండే, తెంబిలే ఒకే బెంచీ మీద చదువుకున్నారు. విద్యార్థుల సమ్మె నడిపినందుకు పోలీసులు మోండే కోసం వెతుకుతుంటే పేటే వాణ్ణి దాచింది. ముందు తెంబిలే దొరికాడు. వారం తిరక్కుండానే మోండే దాక్కున్న ఇంటిమీద పోలీసులు పడ్డారు. పెరటి గోడ దూకుతున్నవాణ్ణి వీపులో కాల్చారు. మర్నాడే తెంబిలేని వదిలేశారు.

ఇంక వేరే రుజువెందుకు?

టైరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనకే పెట్రోలు డబ్బా. టైరు మెడలో వేసి అంటించడమే ఆ ఏడాది దక్షిణాఫ్రికా తూర్పు కేప్‌లోని నల్లవాళ్ల పేటల్లో ద్రోహులకి పడుతున్న శిక్ష.

రెవరెండ్ ఎలియాస్ మటోమెలా ప్రార్థన పుస్తకం పక్కన పడేసి పరుగెత్తాడు. నల్ల గౌను కాళ్లకి అడ్డం పడుతోంది.

తెల్ల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ చట్టం ప్రకారం సమాధి దగ్గర పాస్టరు తప్ప ఎవరూ మాట్లాడకూడదు. ఊళ్లోని రెండో పాస్టరు జూన్ నుంచీ జైల్లో ఉన్నాడు. అందుకని ఆ రోజు ఆయనే నిలబడాల్సి వచ్చింది. పేటకి కుళాయి కావాలని మునిసిపాలిటీ మెట్లన్నీ ఎక్కి దిగింది ఆయనే. పోలీసులు ఎత్తుకెళ్లిన పిల్లల పేర్లు ప్రతి ఆదివారం వేదిక మీంచి చదివి, తానూ జైలు పాలైంది ఆయనే. ఆయన మాటకి పేటలో ఎదురు చెప్పేవాడు లేడు.

ఆ రోజు మాత్రం చెప్పారు.

"తప్పుకోండి అయ్యగారూ." అగ్గిపెట్టె పట్టుకున్న లుయాండా ముందుకొచ్చాడు. మోండే తర్వాత కుర్రాళ్లకి వాడే నాయకుడు. "ఇది మీ పని కాదు."

ఆయన తెంబిలేని రెండు చేతులతో చుట్టేశాడు. అప్పటికే ఎవరో పెట్రోలు కుమ్మరించారు. ఇద్దరూ తడిసిపోయారు.

"ఆ ఇంటి సంగతి చెప్పింది వీడే!"

"తెలుసు," అన్నాడు ఆయన.

లుయాండా తెల్లబోయాడు. "తెలుసా?"

"పొద్దున్నే ఇంటికొచ్చి చెప్పాడు. మట్టి వెయ్యనిస్తారా అని అడిగాడు. రమ్మన్నాను."

జనం గొల్లుమన్నారు. "ఎవరిచ్చారు మీకా హక్కు?" అని ఒకామె గుండెలు బాదుకుంది. "ఆ తల్లి మొహం చూడండి అయ్యగారూ! ఆమె ఎదురుగానే వీణ్ణి కాపాడతారా?"

గోతి పక్కన చాప మీద మోండే తల్లి కూర్చుని ఉంది. ఆమె ఆయన వైపే చూస్తోంది. ఆ చూపు ముందు ఆయన కళ్లు వాలిపోయాయి.

"వదిలేయండి వాణ్ణి," అంది ఆమె. గొంతు పెద్దదేం కాదు. అందరికీ వినిపించింది. "వాళ్లకి వదిలేయండి."

ఆయన చేతులు మాత్రం వదల్లేదు.

"నన్నిచ్చేయండి అయ్యగారూ," అన్నాడు తెంబిలే ఆయన భుజంలోకి. "నేనింక బతకలేను."

"నోర్ముయ్. అది నిన్నెవరూ అడగలేదు."

ఆయన వాడి చెయ్యి పైకెత్తి లుయాండాకి చూపించాడు. వేళ్లకి గోళ్లు లేవు.

"నేనూ పోలీసుల ఆ గదిలోకి వెళ్లొచ్చినవాణ్ణే లుయాండా. అక్కడ నేనేం వాగానో నాకే గుర్తులేదు. నువ్వైతే చెప్పకుండా ఉండేవాడివా? ప్రమాణం చెయ్యి. చేసి, గియ్యి అగ్గిపుల్ల."

"చర్చిలో చెప్పుకోండి ఆ కబుర్లు!" లుయాండా కళ్లలో నీళ్లు. "మీరే ఇలా అంటే మోండే తరఫున ఇంకెవరు అడుగుతారు?"

గుట్ట మీద కాపు కాస్తున్న పోలీసుల ఉక్కు బండ్ల పక్కన నిలబడ్డ తెల్ల కెప్టెన్ లౌడ్ స్పీకర్ ఎత్తాడు. "ఏం పాస్టర్! నీ గొర్రెలు నీ మాట వినడం లేదా?"

పోలీసులు పగలబడి నవ్వారు. తుపాకులు మాత్రం దించలేదు.

"విన్నావా?" ఆయన గొంతు తగ్గించాడు. "పొగ లేస్తే చాలు, కాల్చేస్తారు. దానికోసమే కాచుకుని ఉన్నారు. రేపు పేపర్లో మోండే ఉండడు. వాడి వీపులో దిగిన గుండు ఉండదు. ఈ టైరే ఉంటుంది."

లుయాండా పుల్ల తీశాడు. పెట్టె అంచుకి ఆనించాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

పుల్ల గియ్యకుండానే నేలమీద పడింది.

లుయాండా టైరుని ఒక్క తాపు తన్నాడు. అది వాలుగా దొర్లుకుంటూ వెళ్లి కంచెకి కొట్టుకుని పడిపోయింది. వాడు నేలమీద కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

సంఘ పెద్దలిద్దరు తెంబిలేని చర్చి వ్యానులో ఎక్కించి పక్క ఊరికి తీసుకెళ్లారు. ఎవరూ అడ్డుపడలేదు. ఎవరూ వాడి మొహం కూడా చూడలేదు.

ఆయన గోతి దగ్గరికి తిరిగొచ్చాడు. గౌనంతా పెట్రోలు కంపు. పడేసిన పుస్తకం ఎవరో చేతికిస్తే, ఆగిన చోటినుంచే ప్రార్థన చదివాడు. ఎక్కడా తడబడలేదు. పేటికని తాళ్లతో దించారు.

మోండే తల్లి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆమె మొహం తిప్పుకుంది.

ఆయన గోతి అంచున మోకాళ్లూని, కన్నతండ్రి వెయ్యాల్సిన మొదటి గుప్పెడు మన్ను తీసి, తన ఒక్కగానొక్క కొడుకు మీద వేశాడు.