బరువు కుప్ప

"బియ్యంలో రాళ్లేరుతున్నావా తల్లీ?"

షూటింగ్ క్లబ్బు కార్యదర్శి అలా అనగానే వరండాలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు.

బక్కపిల్ల తలెత్తలేదు. నగలు తూచే చిన్న తక్కెడలో ఒక్కో తూటా పెట్టి చూస్తోంది. ఒకే డబ్బాలోవైనా ఫ్యాక్టరీ తూటాలన్నీ ఒక్క బరువుండవు. బరువు మారితే గుండు పడే చోటూ మారుతుంది.

"పెద్ద కంపెనీ డబ్బా తెచ్చుకోరాదూ?"

"తెచ్చుకోలేను సార్. ఏరుకోగలను."

జట్టులో ఖాళీ ఒక్కటే. బరిలో మిగిలింది ఇద్దరమ్మాయిలు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు ఇంటికే.

సమంగా తూగిన కుప్ప సగం పోటీకే సరిపోయేట్టుంది. పెదవి కొరుక్కుని, బరువెక్కువ వచ్చినవన్నీ చెత్తబుట్టలోకి తోయబోయింది.

"ఆగమ్మా."

బల్ల చివర నెరిసిన గడ్డం పెద్దాయన. ఒళ్లో మడతపెట్టిన ఖాళీ తుపాకీ సంచి.

"వాటినెందుకు పారేస్తావు?"

"చెడ్డవి కాబట్టి."

"చెడ్డవని ఎవరన్నారు? వేరేవి, అంతే. అన్నిటినీ కలిపితేనే కొట్లాట. బరువువి విడిగా కాల్చు, అన్నీ ఒక్కచోటే పడతాయి. ఆ చోటు కాస్త జరుగుతుంది. గురి సరిచేసే మర తిప్పుకుంటే సరి."

పిల్లకి ఒళ్లు మండింది.

"నన్ను చెడగొట్టమని అవతలివాళ్లు పంపారా?"

పెద్దాయన పకపకా నవ్వాడు.

"నీతో మాట్లాడానని తెలిస్తే ఇవాళ మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు."

"అయితే పోయి వాళ్లకే చెప్పుకోండి! పొద్దుట్నుంచీ నవ్వించుకున్నది చాలు."

"పోతాలే. కుప్ప మాత్రం పారేయకు."

ఆయన పోయాక కూడా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. పోటీకి ముందు సరిచూసుకునే దెబ్బల్లో బరువువి కాల్చింది.

కాస్త కిందికి పడ్డాయి. కానీ అన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి!

పోటీ సగమయ్యాక సమబరువు కుప్ప అయిపోయింది. తుపాకీ దించి మర తిప్పింది.

"మధ్యలో మర తిప్పుతావేంటి? మునిగిపోతావ్!" అన్నాడు కార్యదర్శి.

"నా తుపాకీ, నా తూటా, నా కన్ను. మునిగితే నేనే మునుగుతా. మీరు గట్టునుండండి సార్."

ఒక్క పాయింటు తేడాతో గెలిచింది.

చప్పట్లు ఆగకముందే పెద్దాయన కోసం వరండా అంతా వెతికింది. లేడు. గేటు దాకా పరుగెత్తేసరికి ఆటో కదిలింది.

"సగం తూటాలున్నదాన్ని ఓడిస్తే అదేం గెలుపే? పద, ఈసారి ఇద్దరికీ నిండా ఉన్నప్పుడు కొడదాం" అంటున్న ఆయన గొంతు వినబడింది.

వెనక సీట్లో, నిండిన తుపాకీ సంచిని ఒళ్లో పెట్టుకున్న ఓడిపోయిన అమ్మాయి, "నాతో మాట్లాడకు నాన్నా!" అంటూనే ఆయన భుజం మీద తల వాల్చింది.