నీళ్లు తెచ్చేలోపు

సంతకం పెట్టబోతున్న మెకానిక్ చేతిలోంచి సేల్స్ ఆవిడ పెన్ను లాగేసుకుంది.

"కొనకండి సార్" అంది, మొహం మీది నవ్వు చెదరనివ్వకుండా.

మెకానిక్‌కి అర్థం కాలేదు. పక్కనున్న భార్యకి వెంటనే అర్థమైంది.

అప్పటిదాకా గంటసేపు ఊదరగొట్టింది ఈ సేల్స్ ఆవిడే. సముద్రం ఒడ్డున రిసార్టు. అందులో ఏడాదికో వారం ఒక గది వీళ్లది. అలా ముప్పై ఏళ్లు. హాలు నిండా ఇలాంటి బల్లలే, ఎవరు సంతకం పెట్టినా గంట కొట్టి చప్పట్లు కొడుతున్నారు.

వచ్చి విన్నందుకే ఒక సూట్‌కేసు ఉచితమట. నిజానికి మొగుడూ పెళ్లాలు ఆ సూట్‌కేసు కోసమే వచ్చారు. ఆశ అక్కడితో ఆగితే బాగుండేది.

చప్పట్ల హోరులో ఆవిడ గొంతు తగ్గించింది.

"ఏటా మెయింటెనెన్స్ కట్టాలి. మీరు వెళ్లినా, వెళ్లకపోయినా. ఏటేటా పెంచుతారు. పిల్లల సెలవుల్లో గది దొరకదు. వదిలించుకుందామంటే కొనే నాథుడుండడు."

"మరి మీరెందుకు అమ్ముతున్నారండీ?" అడిగింది భార్య.

"నా సంగతి వదిలేయండమ్మా. ఇప్పుడు కట్టబోయే డబ్బు దేనికని దాచుకున్నారు?"

"కుట్టు షాపుకి. బజార్లో గది చూసుకున్నాం. అడ్వాన్సు కట్టడమే తరువాయి."

"అయితే దానికే కట్టండి. నేను నీళ్లు తెస్తానని వెళ్తాను. వచ్చేలోపు సూట్‌కేసు తీసుకుని వెళ్లిపోండి."

ఆవిడ లేచి వెళ్లింది.

"పదండి" అంది భార్య, బ్యాగు భుజాన వేసుకుంటూ.

మెకానిక్ కదల్లేదు.

"నా గోళ్ల వంక ఎలా చూసిందో చూశావా?"

ఎంత సబ్బు రుద్దినా వదలని గ్రీజు ఉంది ఆ గోళ్లలో. దాన్ని ఆవిడ చూసిందో లేదో గాని, అతను మాత్రం పొద్దున్నుంచీ చూసుకుంటూనే ఉన్నాడు.

"ఆవిడ మీ గోళ్లెందుకు చూస్తుందండీ? మన మంచికే చెప్పింది."

"తన కమీషన్ పోగొట్టుకుని, ఊరూ పేరూ తెలియని మనకి మంచి చెప్తుందా? ఈ మొహాలకి సముద్రమా అనుకుంది. అంతే."

"అనుకుంటే అనుకోనీండి. మన డబ్బు మనకి మిగిలింది కదా."

"పెళ్లయిన దగ్గర్నుంచి నిన్ను ఒక్క ఊరు తిప్పలేదు."

"నేనడిగానా? నేనడిగింది షాపు."

అది నిజం. నిజం కాబట్టే అతనికి ఇంకా మండింది.

సరిగ్గా అప్పుడే మేనేజర్ అటు వచ్చాడు. "అంతా బాగుందా సార్?"

"ఏం బాగు? మీ సేల్స్ ఆవిడ నా చేతిలో పెన్ను లాగేసుకుంది. కొనొద్దని మాకే చెబుతోంది. మేం కొనలేమనా?"

హాలంతా వినపడేలా అన్నాడు. భార్య చేయి పట్టుకుని ఆపబోతే విదిలించుకున్నాడు.

సేల్స్ ఆవిడ రెండు గ్లాసులతో వచ్చింది. మేనేజర్ చెయ్యి చాపాడు.

"కార్డు ఇచ్చేసి వెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టింది. మెడలో కార్డు తీసి ఇచ్చింది. భార్య వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది.

"క్షమించండి సార్. మీలాంటి పెద్దమనుషుల విలువ అలాంటివాళ్లకేం తెలుస్తుంది?" అంటూ మేనేజర్ తన జేబులోంచి పెన్ను తీసిచ్చాడు.

పెద్దమనిషి ఉబ్బిపోయి సంతకం పెట్టేశాడు. గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనిది భార్య ఒక్కతే.

మొదటి ఏడాది సెలవుల్లో గది ఖాళీ లేదన్నారు. రెండో ఏడాదీ అదే పాట. మెయింటెనెన్స్ నోటీసు మాత్రం ఏనాడూ తప్పలేదు, ఏటికేడు పెరిగింది. కట్టలేక ఆపేస్తే వడ్డీ వేశారు.

బజార్లో ఆ గదిలో ఇంకెవరో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నారు. భార్య వంటగది మూలనే మిషను వేసుకుని కుడుతోంది. ఏనాడూ దెప్పలేదు. దెప్పి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

చివరికి సిగ్గు చంపుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాడు.

"నావల్ల కాదు సార్. రద్దు చేసేయండి. కట్టిన డబ్బు కూడా అడగను."

"రద్దు కుదరదండీ. ఒప్పందంలో లేదు."

"మరి నేనేం కావాలి?"

"కంగారు పడకండి, ఒక దారుంది. సెలవు రోజుల్లో వచ్చి ఇక్కడ సేల్స్‌లో కూర్చోండి. మీరు చేర్పించిన ప్రతి జంటకీ మీ బాకీలో కొంత కొట్టేస్తాం. మొత్తం తీరిన రోజు మీ ఒప్పందం చింపేస్తాం. మా వాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే."

మెకానిక్ తల తిప్పి చూశాడు. అద్దం అవతల హాల్లో ఎవరో ఎవరికో నవ్వుతూ సముద్రం అమ్ముతున్నారు.

"అంటే... ఆ రోజు నేను కంప్లైంట్ చేసిన ఆవిడ?"

"ఆవిడా అంతే. మొగుడు పోయాక కట్టలేక వచ్చి చేరింది. ఇప్పుడెక్కడుందో, ఏం చేస్తోందో. బాకీ అయితే అలాగే ఉంది. మీరు మాత్రం ఆవిడలా చెయ్యకండి."

"ఏం చేసిందని?"

"తెలివితక్కువ మనిషి సార్!" మేనేజర్ నవ్వాడు. "ఇంకొక్క జంట చేత సంతకం పెట్టిస్తే ఆవిడ బాకీ మొత్తం తీరిపోయేది. ఆ ఒక్క జంట మీరే."