బుడ్డి మీది నంబరు

"ఆ బుడ్డి మూత తియ్యొద్దప్పా!"

వాకిట్లో ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి రొప్పుతూ నిలబడ్డాడు.

ఓబుళప్ప చేయి ఆగింది. చాప మీద ఎనిమిదేళ్ల కూతురు రామలక్ష్మి జ్వరంతో మూలుగుతోంది.

ఇది అరవై రెండులో, ధర్మవరం మగ్గాల వీధిలో జరిగిన సంగతి. పోయిన నెల భార్య అంజినమ్మ జ్వరానికి డాక్టరు రాసిచ్చిన గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు, ఆ బుడ్డిలోవి. కషాయానికే జ్వరం దిగిపోయింది. మిగిలిన పట్టును దాచినట్టే బుడ్డిని కండెల పెట్టెలో దాచిందామె. ఆ వీధిలో అందరిదీ అదే తెలివి. ఇంట్లో మందుండగా డాక్టరెందుకు?

"ఎవురప్పా నువ్వు?"

"పెనుకొండోన్ని. హిందూపురం అంగట్లో కొన్నిందే కదా? నంబరు చూడు. ఆఖర్న నాలుగొందల పదిహేడుంటే పిల్ల నోట్లో ఎయ్యొద్దు. ఆ మందు చెడిపోయిండాది."

నంబరు అదే. ఓబుళప్పకు ఒళ్లు మండింది. చూడకుండానే నంబరు చెప్తాడా, దొంగ కాకపోతే!

"సర్కారోనివా?"

"కాదు."

"కంపెనీవోనివా?"

"కాదప్పా."

"కాగితముండాదా?"

ఆ మనిషి జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. అన్నీ పేర్లే.

"దీనికి సీలేదీ?"

"సీలొచ్చేదాకా ఆగితే..." అతను చాప మీది పిల్లవైపు చూశాడు.

"నాటకాలా? మా మందు తీస్కపోయి గోరంట్ల సంతలో అమ్ముకుంటావా?"

ఆ మాట పూర్తవకముందే ఆ మనిషి బుడ్డి లాక్కుని బండమీద కొట్టాడు. మాత్రల్ని చెప్పుకాలితో నలిపి పిండిచేశాడు.

వీధి వీధంతా మీద పడింది. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. ఓబుళప్ప అతని ముఖాన ఉమ్మాడు.

"థూ! నీ కడుపున ఒక బిడ్డ పుట్టింటే తెల్సేది!"

ఆ మనిషి కండువాతో తుడుచుకున్నాడు.

"ఇప్పుడే ఆస్పత్రికి ఎత్తుకపో అప్పా. నేనింకా కదిరికి పోవల్ల" అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

మందు లేదు కాబట్టి ఆస్పత్రికి పోక తప్పలేదు. పిల్ల బతికింది. దొంగను ఎలా తన్నాడో ఓబుళప్ప టీ అంగట్లో పన్నెండు రోజులు మీసం దువ్వుతూ చెప్పాడు.

పదమూడో రోజు దండోరా మోగింది. వెనకే హెల్త్ ఇన్‌స్పెక్టరు.

"నాలుగొందల పదిహేడు బుడ్డి ఉంటే ఇచ్చేయండి. అవి మింగితే ప్రాణం పోతుంది."

ఓబుళప్ప ముందుకొచ్చాడు.

"లేదు సార్. మీరు పంపినాయప్ప వచ్చి తొక్కేసినాడు."

"మేమెవర్నీ పంపలేదే! పన్నెండు రోజులు ఆఫీసుల్లో తిరిగి ఆర్డరు నిన్ననే వచ్చింది."

ఛీ, ఎంత పాడు ఆఫీసులు! అంతకన్నా పాడు తన నోరు. ఓబుళప్పకు తన ఉమ్మే తన గొంతులో అడ్డంపడినట్టయింది.

ఆరోజు కొట్లాటలో ఆ మనిషి దగ్గర్నుంచి కిందపడ్డ పేర్ల కాగితాన్ని అంజినమ్మ తెచ్చి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు చదివాడు.

"ఆ నంబరు బుడ్లు కొన్నోళ్ల పేర్లు. మీది నాలుగోది. మొదటిది పెనుకొండ చౌడమ్మ, ఆరేళ్లు. ఈ మందుకే చనిపోయింది."

"మరి ఆయప్ప ఎవురు సార్?"

"చౌడమ్మ నాయన. బిడ్డను పూడ్చిన మర్నాడే అంగడివాడి కాళ్లు పట్టుకుని ఈ పేర్లు రాసుకున్నాడని ఆ అంగడివాడే మాకు చెప్పాడు."