గొంతు దగ్గర ఆగిన చెయ్యి

వచ్చినవాడు బూట్లు విప్పి, సరాసరి హాలు మధ్యలో నిలబడ్డాడు.

"లియాంగ్ ఉన్నాడా?"

ఈషాన్‌కి ఒళ్లు మండింది. అమెరికాలో, ప్లేనో ఊళ్లోని ఆ కుంగ్‌ఫూ స్కూల్లో అడుగుపెట్టినవాడు ఎవడైనా సరే, గురువుని 'సీఫూ' అనే పిలవాలి. పేరు పెట్టి పిలిచిన మొనగాణ్ని ఇదే చూడటం.

"సీఫూ థెరపీకి వెళ్లారు. మీరెవరు?"

"పెద్ద శిష్యుడివి నువ్వేనా? రా, నీ చెయ్యి ఎలా ఉందో చూస్తాను."

అరవై దాటిన చైనా మనిషి. బక్కగా ఉన్నాడు. చొక్కా ప్రయాణంలో నలిగిపోయింది.

గురువు పక్షవాతంతో పడ్డారని తెలిసి, స్కూలు లాక్కోవడానికి వచ్చాడనుకున్నాడు ఈషాన్. పూర్వం వేరే స్కూళ్లవాళ్లు అలాగే వచ్చి, శిష్యుల్ని చితకబాది, స్కూలు బోర్డు పీక్కుపోయేవారట. సీఫూయే చెప్పారు.

బోర్డు పోతే ఈషాన్‌కి మిగిలేదేమీ లేదు. కాలేజీ మానేసి, అమ్మానాన్నలతో మాటలు పడి, సీఫూ దాచుకున్న ఆఖరి విద్య కోసం ఏళ్లతరబడి ఇక్కడే పడి ఉన్నాడు. రేపో మాపో నేర్పుతారనగా ఆయన కుడిచెయ్యి పడిపోయింది.

"ఈషాన్, వద్దు. సీఫూకి కాల్ చేద్దాం," అంది వేద. ఆమె కూడా అక్కడే నేర్చుకుంటోంది.

"నువ్వు డోర్ లాక్ చెయ్."

మొదటి దెబ్బ ఈషాన్‌దే. ముసలాయన పక్కకి జరిగాడు. మరుక్షణం ఆయన వేళ్లు ఈషాన్ గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి.

ఈషాన్ మళ్లీ దూకాడు. ఆ వేళ్లు మళ్లీ అక్కడికే వచ్చి ఆగాయి.

ముసలాయన నవ్వి, చేతులు దించేశాడు.

"ఆయన కావాలనే ఆపేశారు, చూశావా?" అంది వేద.

"భయం. కొట్టే గట్స్ లేవు."

పోటీల్లో ఆరితేరినవాడు ఈషాన్. బెల్ మోగేదాకా ఆగడం తెలీదు. దించిన ఆ చేతినే దొరకబుచ్చుకుని మోచేతి దగ్గర విరిచాడు. ఎముక పుటుక్కుమంది. మోకాలితో మొహం మీద గుద్దాడు. పన్ను ఊడి నేలమీద పడింది. కిందపడ్డాక కూడా వదల్లేదు, వేళ్ల మీద మడమతో తొక్కాడు.

"చాలు ఈషాన్, చచ్చిపోతాడు," వేద ఏడుస్తూ అడ్డం పడింది.

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. నోటినిండా నెత్తురు. వేద తలుపు తీస్తే, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం సీఫూ వీల్‌చెయిర్‌లో వచ్చారు. ఈషాన్ గర్వంగా జరిగిందంతా చెప్పాడు.

"గొంతు దగ్గర ఆపాడా?" అన్నారు సీఫూ.

"రెండుసార్లు. జంకాడు."

"జంకు కాదురా. చంపగలిగి వదిలేశానని చెప్పడం. అక్కడితో ఆట అయిపోయినట్టు. నువ్వు వెనక్కి తగ్గి దణ్ణం పెట్టాలి. కప్పుల మోజులో ఉన్నావని నీకది చెప్పలేదు. తప్పు నాది."

ఈషాన్ పన్ను ఊడిపడిన చోటుకేసి చూశాడు.

"ఏ చెయ్యి విరిచావు?"

"కుడిది, సీఫూ."

సీఫూ పడిపోయిన తన కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని, చాలాసేపు నిమురుతూ కూర్చున్నారు. కళ్లు తుడుచుకోలేదు.

"నాకు ఆ ఆఖరి విద్య నేర్పింది ఆయనే, ఈషాన్. నా చెయ్యి పోయింది కాబట్టి నీకు నేర్పి వెళ్లమని నేనే రమ్మన్నాను."