పొయ్యని సీలు

"'ఆయన' అనకు. ముత్యాలు అను. పేరు పెట్టి చెప్పాలి," అన్నారు కృష్ణమూర్తి గారు.

కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "ఆయ్... ఆ పైపుకి సీలు పొయ్యాల్సింది ఆయనేనండీ."

"మళ్ళీ అదే! ఆయనెవరు అని అడుగుతారు రేపు విచారణకొచ్చే ఆఫీసర్లు. ఏం చెబుతావ్?"

కొండబాబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రాజోలు వైపు కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ గ్యాసు స్టేషన్లో కృష్ణమూర్తి గారు కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు. మామూలు రోజుల్లో కొండబాబు లాంటి రోజుకూలీల మొహం కూడా చూడరు. ఇవాళ మాత్రం కుర్చీ వేయించి, బొండం కొట్టించి ఇచ్చారు. ప్యానెల్ గదిలో మంటలు లేచినప్పట్నుంచీ ఆయనకి అందరి మీదా ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"సరే, ముందు పని ఎలా చెయ్యాలో చెప్పు."

అది కొండబాబు గడగడా చెప్పాడు. నేర్పింది ముత్యాలే మరి. గ్యాసు బావి దగ్గర్నుంచి కరెంటు తీగలు ఇనప పైపులో ప్యానెల్ గదికి వస్తాయి. పైపుకి సీలు లేకపోతే, లీకైన గ్యాసు ఆ తీగల వెంటే గదిలోకి వచ్చేస్తుంది. అక్కడ స్విచ్చి నొక్కితే చాలు, అంతా భగ్గుమంటుంది. అందుకని గోడ దగ్గర తీగల్ని విడదీసి, కింద పీచు కూరి, పైన సీలింగు సిమెంటు కలిపి పొయ్యాలి. అది గట్టిపడ్డాక మూత బిగించాలి.

"భేష్. మరి ఆ పైపుకి ఎందుకు పొయ్యలేదు?"

"మీరే వద్దన్నారు కదండీ! పోసేస్తే మళ్ళీ తీగ మార్చాలంటే పైపు కొయ్యాల్సొస్తుంది, పెద్దాఫీసరు చూసెళ్ళాక పోద్దాం, ఇప్పటికి మూత బిగించి రంగేసెయ్యండన్నారు. ఆయన వద్దండీ వద్దండీ అని మొత్తుకున్నారు కూడానూ."

కృష్ణమూర్తి గారి మొహం మాడిపోయింది. అయినా కోపం దిగమింగారు.

"చూడు కొండబాబూ. నా ఉద్యోగం పోతే నీకొచ్చేదేంటి? ముత్యాలు మర్చిపోయాడని చెప్పు, అంతే. అతని పోస్టులో నిన్ను పర్మనెంటు చేయిస్తాను. మీ ఆవిడ ఏడుస్తోందటగా, మస్కట్ వెళ్ళొద్దని?"

నిజమే. భవానికి నెలలు నిండుతున్నాయి. ఈ ఉద్యోగం రాకపోతే మస్కట్ విమానం ఎక్కడమే. బిడ్డ మొహం ఎప్పటికి చూస్తాడో తెలీదు.

"ఆయన మీద అబద్ధమాడితే నా నోరు పడిపోద్దండీ."

"ముత్యాలుకి ఇప్పుడు పోయేదేముందయ్యా? నీకా, బోలెడు బతుకుంది."

కొండబాబుకి ఒళ్ళు మండింది. చేతిలో బొండం ఆ మొహాన కొట్టాలనిపించింది. అంతలోనే భవాని గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ముత్యాలు... మర్చిపోయేడండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ముత్యాలే సీలు పొయ్యలేదండీ."

"శభాష్! రేపు కూడా ఇలాగే, తడుముకోకుండా చెప్పేయ్."

కొండబాబు బయటికొచ్చి రాజోలు బస్సెక్కాడు. కొనవలసిన సామాను చాలా ఉంది.

ఎల్లుండి అతని తండ్రి ముత్యాలు పెద్దకర్మ.