మర్డర్ బోర్డు

“మీ కొడుకు జైల్లో ఉన్నప్పుడు చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్ళారు, జడ్జి గారూ?”

“ఒక్కసారీ వెళ్ళలేదు.”

“కన్నతల్లేనా మీరు?”

కొరిన్ హేగర్టీ మైకు దగ్గరికి జరుపుకుంది. “రావద్దన్నాడు. వాడి మాట మన్నించాను.”

ఎదురుగా సెనేటర్ కుర్చీలో కూర్చున్న హోల్డెన్ ట్రాస్క్ సెనేటర్ కాదు, అధ్యక్షుడి లాయరు. సుప్రీంకోర్టులో ఖాళీ అయిన కుర్చీకి సెనేట్ ఆమోదం కోసం ఎవరి పేరు పంపాలో తేల్చడానికి వైట్‌హౌస్ పక్క భవనంలో ఉత్తుత్తి విచారణ నడుపుతున్నాడు. వాషింగ్టన్‌లో దీన్ని మర్డర్ బోర్డు అంటారు. సెనేట్ చంపేలోగా సొంతవాళ్ళే ఒకసారి చంపి చూస్తారు.

మిగిలినవి రెండే పేర్లు. కొరిన్ ఒకరు, లయల్ బ్రాన్సన్ మరొకరు. ఇద్దరూ ఒకే అప్పీళ్ల కోర్టులో ఏళ్ల తరబడి పక్కపక్క గదుల్లో పనిచేసినవాళ్ళు. పొద్దున బ్రాన్సన్ వంతు అయింది. తాగుడు గురించి అడగ్గానే ఆయన మైకు తోసేసి, ట్రాస్క్‌ని బూతులు తిట్టి బయటికొచ్చేశాడు. వరండాలో ఎదురైన కొరిన్ చెయ్యి పట్టుకున్నాడు.

“నా పని అయిపోయింది కొరిన్. కుర్చీ నీదే. ఆ వెధవ నీ కొడుకు జోలికొస్తాడు, గుండె రాయి చేసుకో.”

ఆమె చేసుకునే వచ్చింది.

“మీరు వదిలేసిన హంతకుడు మళ్ళీ ఒక పిల్లని చంపాడు” అన్నాడు ట్రాస్క్. “అసలు విచారణ రోజున ఆ పిల్ల తల్లిని మీ వెనక వరసలోనే కూర్చోబెడతారు. ఏం చెప్తారు?”

“సాక్ష్యం చాల్లేదని చెప్తాను. ఆ మాట ఆమెకి ఓదార్పు కాదని నాకు తెలుసనీ చెప్తాను.”

“కన్నీళ్ళు రావా మీకు?”

“మీ ముందు రావు.”

ట్రాస్క్ ముందుకు వంగాడు. “సెనేట్‌లో ఎదుటి పార్టీ మంచి ఆకలి మీదుంది. ఒక్కరినైనా నమిలి ఉమ్మితే గానీ వాళ్ళు ఓటర్లకి మొహం చూపించలేరు.”

“నమలమనండి. పళ్ళు రాలతాయి.”

అతను కళ్ళజోడు తీసేశాడు. “చాలు. మిమ్మల్ని చంపడం ఎవరి తరమూ కాదు.”

“అయితే రేపు ప్రకటిస్తారా?”

“రేపు ప్రకటించేది బ్రాన్సన్ పేరు.”

కొరిన్ మెల్లగా లేచి నిలబడింది. “పొద్దున మైకు తోసేసిన మనిషి పేరా?”

“ఆయనదే.”

“నా బిడ్డని ఈ బల్ల మీద పడేసి కోసింది ఇందుకా?”

“కూర్చోండి జడ్జి గారూ.”

“కూర్చోను. ఇరవై ఏళ్ళుగా నేను కోరుకున్నది ఆ ఒక్క కుర్చీనే. లయల్ మంచివాడు, కాదనను. కానీ కెమెరాల ముందు ఒక్క పూట నిలవడు. దేశమంతా చూస్తుండగా పరువు పోగొట్టుకుని ఓడిపోతాడు. నాకు తెలిసిన సంగతి మీకు తెలీదా?”

ట్రాస్క్ కోటు తొడుక్కుని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

“తెలుసు” అన్నాడు.

“మరి?”

“అందుకే మీకంటే ముందు ఆయన్ని పంపుతున్నాం.”