మోగిన మెట్టు

భీమశంకరరావు ఇంత మోసం చేస్తాడని లోవరాజు కలలో కూడా అనుకోలేదు. బెల్లం యార్డులో పదిమందీ వింటుండగానే అడిగేశాడు.

"బాబూ, మీరిచ్చిన పియానోలో ఒక్క మెట్టే మోగుతోంది. మిగతావన్నీ టక్కుటక్కుమంటన్నాయి. మూత తీసి సూత్తే లోపల తీగల్లేవు. అన్నీ పీకి పాతినుముకి అమ్మేసి, ఒక్కటుంచేరు. ఇదేటి నాయం?"

భీమశంకరరావు బెల్లం దిమ్మల మీద ఈగలు తోలుకుంటూ తాపీగా తలెత్తాడు.

"కొనేముందు మోగించుకున్నావా, లేదా?"

"మోగించేను."

"మోగిందా?"

"ఒకటి మోగింది!"

"మరింకేటోయ్? యార్డులో నువ్వెన్ని దిమ్మలు చిదుపుతావు? లాటుకొకటి. అది బాగుంటే బేరం. ఇంటికెళ్ళి రెండోది చిదిపి ఉప్పగా ఉందంటే, నేను సరుకు వెనక్కి తీసుకోవాలా?"

చుట్టూ ఉన్న, దిమ్మలు మోసే కళాసీలు ఘొల్లుమన్నారు. లోవరాజు మీసాలు రాకముందే బడి మానేసి యార్డులోకి వచ్చినవాడు. ఆనాటినుంచీ అలాగే కొన్నాడు, అలాగే అమ్మాడు. లాటులో ఒక దిమ్మ మూల చిదిపి, నాలిక మీద వేసుకుని, చెయ్యి కలిపితే అయిపోయినట్టే. ఆ తర్వాత మాట మార్చినవాడికి యార్డులో మళ్ళీ బేరం పుట్టదు. భీమశంకరరావు గోడౌన్లో దుమ్ము కొట్టుకుపోయిన ఆ పియానో ముందు నిలబడ్డప్పుడు కూడా అతని చెయ్యి అలవాటుకొద్దీ ఒక్క మెట్టు నొక్కి ఊరుకుంది.

"ఏది నొక్కాలో మీరే సూపించేరు కద బాబూ! దిమ్మ ఏరుకోవలసింది కొనేవోడు."

"చూపిస్తే? నీ వేలు నేనేమైనా పట్టుకున్నానా? అయినా నీకు పియానో ఎందుకోయ్? పెళ్ళిళ్ళలో వాయించుకోడానికి కీబోర్డు ఏడిసింది కదా!"

"పాట వరస అలాగే ఉంచి, దాని కింద కార్డులు, అంటే కలిపి నొక్కే సొరాలు, మార్చడం నేర్చుకుంటన్నాను బాబూ. జాజ్ అంటారు. కీబోర్డులో సొరం పుట్టడం తెలుత్తాది గానీ, ఆరిపోడం తెలవదు. పియానోలో అయితే..."

"అంటే, బెల్లం అలాగే ఉంచి కింద గోనె మారుస్తావన్నమాట!"

మళ్ళీ నవ్వులు.

"మీది మీరు పట్టుకుపోండి. నాది నాకిచ్చెయ్యండి."

"చెయ్యి కలిపేం లోవరాజూ. అయిపోయింది," అన్నాడు భీమశంకరరావు, ఇంకో లాటు వైపు నడుస్తూ.

లోవరాజు ఇంటికి వచ్చాడు. అద్దింటి ముందుగదిలో సగం పియానోయే తినేసింది. భార్య దుర్గాలక్ష్మి దాన్ని ఒరుసుకుంటూ వచ్చి టీ గ్లాసు అందించింది.

"రావుగారేటన్నారు మావా?"

"ఏటంటాడు! నవ్వేడు."

"పోనిద్దూ. పడున్నదాన్ని ఊరికే ఇచ్చేరు. దానికింత రగడెందుకు?"

ఊరికే ఇచ్చాడని ఆమెతో చెప్పింది లోవరాజే. తల వంచుకుని టీ తాగాడు.

ఫోనులో పాఠాలు చెప్పే దేవీప్రసాద్ మాస్టారు పియానో మీద వేలు పెడితే, ఆ స్వరం లేచి, గాలిలో కాసేపు నిలబడి, మెల్లగా ఆరిపోయేది. ఫోను చెవికి ఆనించుకుని ఆ ఆరిపోవడాన్నే మళ్ళీ మళ్ళీ వినేవాడు లోవరాజు. అలాంటిది తన ఇంట్లో, తన చేతికింద మోగాలి. దుర్గాలక్ష్మి ఒక్కసారైనా వచ్చి పక్కన కూర్చోవాలి. అతను కీబోర్డు వాయిస్తున్నంతసేపూ ఆమె వంటింట్లోంచి అడిగే మాట ఎప్పుడూ ఒకటే, "అయిందా?" అని.

గ్లాసు కింద పెట్టి ఆ మెట్టు నొక్కాడు. సి స్వరం నిండుగా మోగింది. 

మొన్నటి పాఠంలో మాస్టారు చెప్పిన మాట అప్పుడు తట్టింది. 'కుడిచెయ్యి కదపకండి. ఒక్క స్వరమే పట్టుకుని, దాని కింద నేల మార్చి చూడండి.'

కీబోర్డు లాక్కొచ్చి ఎడమపక్క స్టూలు మీద పెట్టాడు. పాత తీగ కాస్త దిగి మోగుతోంది. కీబోర్డు శ్రుతి కూడా అంత దించి కలిపాడు. కుడిచేతి వేలు పియానో మెట్టు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద.

ఎడమచేత్తో సి మేజర్ కార్డు వేశాడు. స్వరం గుమ్మంలో నిలబడి నవ్వినట్టుంది. ఏ మైనర్ కార్డు వేశాడు. అదే స్వరం, కళ్ళు తడి చేసుకుంది. ఏ ఫ్లాట్ వేశాడు. రైలు కదిలిపోయాక ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయిన మనిషిలా అయింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. దుర్గాలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అదేటి మావా, ఆ పెద్దదాని మీద నువ్వు కొడతన్నది ఒక్కటేనా?"

"ఒక్కటే."

"మరి మారిపోతన్నాదేటి?"

"అది మారట్లేదే. దాని కిందది మారతన్నాది."

ఆమె అతని పక్కనే బల్ల మీద కూర్చుంది. "ఇంకోపాలి కొట్టు," అంది.

కొట్టాడు. స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు. దుర్గాలక్ష్మి కళ్ళు ఒత్తుకుంది.

"ఎందుకో ఏటికొప్పాకలో మాయమ్మ గురుతొచ్చింది మావా. దీన్ని ఎవులికీ ఇచ్చెయ్యకు. ఈ అద్దింట్లో ఇరుకు గానీ, మనిల్లు కట్టుకున్నాక ముందుగదిలో కిటికీ పక్కనెడదాం. రోజూ సాయంత్రం నువ్వు కొట్టు, నాను కూకుని ఇంటాను."

లోవరాజు మళ్ళీ ఆ మెట్టే నొక్కాడు. ఆ ఇంటి కోసం ఉంచుకున్న స్థలాన్నే అతను పియానోకి మారుగా భీమశంకరరావుకి రాసిచ్చేశాడు: మాకవరపాలెంలో, బస్సు రోడ్డుకి కాస్త లోపలగా, రెండున్నర సెంట్లు.